పాతకాలపు షెఫీల్డు కత్తులు

పాతకాలపు షెఫీల్డు కత్తులు అనగా ఇంగ్లాండులోని యార్క్‌షైర్ ప్రాంతానికి చెందిన షెఫీల్డు నగరంలోను, దాని చుట్టూ ఉన్న హాలంషైర్ గ్రామాలలోను 17వ శతాబ్దం నుండి 20వ శతాబ్దపు మధ్యభాగం వరకు తయారైన మడత చాకులు, భోజనపు బల్ల కత్తులు, వేట కత్తులు మొదలైనవి. వీటిని సేకరించేవారు బ్రిటన్, అమెరికా, ఆస్ట్రేలియా దేశాలలో అధికంగా ఉన్నారు. బ్రిటిషు పాలనాకాలంలో ఈ కత్తులు భారతదేశానికి కూడా విరివిగా దిగుమతి అయినందున ఇక్కడి పాత ఇళ్ళలోను, పాత సామాను దుకాణాలలోను ఇవి అప్పుడప్పుడు కనిపిస్తుంటాయి.

ఒక కత్తి ఎవరు చేసినది, ఎప్పుడు చేసినది అని నిర్ణయించుటకు చాలామంది అలుగు మీది ముద్రను మాత్రమే చూస్తారు. ఇది చాలదు. షెఫీల్డులో ముద్రలు వారసత్వంగా సంక్రమించేవి, అమ్ముడుపోయేవి, అద్దెకు ఇవ్వబడేవి, దొంగిలింపబడేవి కూడా. ముద్ర, లోహం, పిడి, కూర్పు అనే నాలుగింటి సాక్ష్యం ఒకదానితో ఒకటి పొసగినప్పుడే కత్తి కాలాన్ని నమ్మకంగా చెప్పవచ్చును.

చరిత్ర

షెఫీల్డు కత్తికి చాలా పాత పేరున్నది. 14వ శతాబ్దం చివరలో ఛాసర్ రచించిన కాంటర్‌బరీ కథలలో ఒక మిల్లు యజమాని తన మేజోడులో షెఫీల్డు చాకు పెట్టుకొని తిరిగేవాడని ఉన్నది. కొండలనుండి వేగంగా దిగివచ్చే డాన్, షీఫ్, పోర్టర్, రివెలిన్, లాక్స్లీ నదులు సానరాళ్ళను త్రిప్పే నీటిచక్రాలకు బలమునిచ్చినవి. సానకు తగిన ఇసుకరాయి సమీపంలోనే దొరికేది. మంచి ఉక్కుకు కావలసిన ఇనుము మాత్రం స్వీడన్ నుండి వచ్చేది.

1624లో ఇంగ్లాండు పార్లమెంటు చట్టం ద్వారా హాలంషైర్ కత్తుల పనివారి సంఘం ఏర్పడినది. పనివానికి ముద్రను కేటాయించి దానిని నమోదు చేయుట ఈ సంఘపు ముఖ్య బాధ్యతలలో ఒకటి. లండను కత్తుల పనివారి సంఘం ఇంకా పాతది, దానికి 1416లోనే రాజశాసనం లభించినది. ఈ రెండు నగరాల మధ్య పోటీ చాలాకాలం సాగినది. లండను పేరుకు విలువ ఎక్కువగా ఉన్నందున షెఫీల్డువారు తమ కత్తులపై లండను అని కొట్టుట పరిపాటి అయినది. చివరకు 1819లో వచ్చిన చట్టం, లండనుకు 20 మైళ్ళ లోపల తయారైన వాటిపై తప్ప ఆ పేరు వేయరాదని శాసించినది. సమ్మెట బొమ్మను కూడా అదే చట్టం సమ్మెటతో సాగగొట్టిన కత్తులకే పరిమితం చేసి, పోత ఇనుముతో చేసిన చౌక కత్తులపై దానిని నిషేధించినది. కాబట్టి చిన్న సమ్మెట బొమ్మ ఉన్న కత్తి 1819 తరువాతిది కావచ్చునని ఊహించవచ్చును.

డాన్‌కాస్టరులో గడియారాల పని చేసిన బెంజమిన్ హంట్స్‌మన్ తన గడియారాల స్ప్రింగులకు మేలైన ఉక్కు కోసం వెదకుతూ, 1740లలో షెఫీల్డు సమీపాన మట్టి మూసలలో ఉక్కును కరిగించి పోసే పద్ధతిని సాధించాడు. మూస ఉక్కు లోపల అంతటా ఒకే తీరుగా ఉంటుంది. కాస్ట్ స్టీల్ అనే మాటలు అలుగు మీద ఉంటే అది ఈ ఉక్కు అని తయారీదారు చాటుకొన్నాడని అర్థం. షియర్ స్టీల్ అని ఉంటే, కడ్డీలను కట్టగట్టి కొలిమిలో అతికి సాగగొట్టిన మరొక రకపు ఉక్కు. దీనిని బల్ల కత్తులకు ఎక్కువగా వాడేవారు.

పనివారు

షెఫీల్డు కత్తి ఒక మనిషి చేతిలో మొదలై అదే చేతిలో పూర్తయ్యేది కాదు. కొలిమివాడు అలుగును సాగగొడితే సానవాడు దానిని అరగదీసేవాడు. పిడి బిగించి కూర్చే పని మూడవవానిది. వీరిలో చాలామంది ఒక గదిని అద్దెకు తీసుకొని పెద్ద కంపెనీలకు పని చేసిపెట్టే స్వతంత్ర పనివారు. వీరిని అక్కడి వాడుకలో లిటిల్ మెస్టర్లు అందురు. కత్తి మీద కంపెనీ పేరు ఉన్నంత మాత్రాన అది ఆ కంపెనీ కప్పు క్రిందనే తయారైనదని అనుకోరాదు.

సానవాని బ్రతుకు దుర్భరమైనది. ఫోర్కులు, చాకుల స్ప్రింగులు పొడి రాయి మీద అరగదీయబడేవి. రాతి ధూళి, ఉక్కు ధూళి ఊపిరితిత్తులలో చేరి సానవారి ఉబ్బసము అని పిలువబడిన వ్యాధి వచ్చేది. ఫోర్కుల సానవారిలో అనేకులు ముప్పది ఏళ్ళ వయసు ప్రాంతంలోనే మరణించేవారని 19వ శతాబ్దపు షెఫీల్డు వైద్యులు వ్రాసి పెట్టారు. ధూళిని లాగివేసే పంకాలు ఉండి కూడా చాలా కార్ఖానాలలో చాలాకాలం అమర్చలేదు. అద్దంవలె మెరిసే పాత స్ప్రింగును మెచ్చుకొనే సేకర్తలు ఈ సంగతి తెలిసికొని మెచ్చుకొనుట న్యాయం.

ముద్రలను చదువుట

మడత చాకులో అలుగు పిడితో కలిసే చదునైన మొదలు భాగాన్ని ట్యాంగ్ అందురు. తయారీదారు ముద్ర సాధారణంగా ఇక్కడ ఉంటుంది. కొన్నిటికి అలుగు మధ్యభాగంలో ఆమ్లంతో చెక్కిన అక్షరాలు కూడా ఉంటాయి.

షెఫీల్డు ముద్రలలో మిక్కిలి ప్రసిద్ధమైనది జోసెఫ్ రాడ్జర్స్ అండ్ సన్స్ వారి నక్షత్రం, మాల్టా శిలువ. ఇది 1764లో ఆ కుటుంబానికి దక్కినది. 1822లో నాల్గవ జార్జి నుండి రాజాస్థానపు కత్తుల తయారీదారులుగా వారికి నియామకం లభించినది. ఆ సంవత్సరమే వారు 1,822 అలుగులున్న ఒక ప్రదర్శన చాకును చేసి, తరువాతి సంవత్సరాల సంఖ్యకు తగినట్లు దానికి అలుగులు చేర్చుతూ వచ్చే సంప్రదాయం ప్రారంభించారు. 1851లో లండనులో జరిగిన మహా ప్రదర్శనలో ఈ కంపెనీ ఉంచిన 75 అలుగుల నార్‌ఫోక్ చాకు నేడు షెఫీల్డులోని కట్లర్స్ హాలులో ఉన్నది. భారతదేశంలో రాడ్జర్స్ పేరుకు ఎంత గిరాకీ ఉండేదో దానికి పుట్టిన నకళ్ళే చెబుతాయి. స్పెల్లింగులో ఒక అక్షరం తగ్గించి, నక్షత్రానికి ఒక కోణం పెంచి అమ్మిన చాకులు కోకొల్లలు. నక్షత్రం, శిలువ రెండూ ఉన్నాయా, పేరులో డి అక్షరం ఉన్నదా అని భూతద్దంతో చూడవలెను.

జార్జ్ వోస్టెన్‌హోమ్ కంపెనీ ముద్ర ఐ*ఎక్స్ఎల్. వరుసగా చదివితే ఇంగ్లీషులో "నేను మిన్న" అని ధ్వనిస్తుంది. ఈ కంపెనీ వ్యాపారమంతా అమెరికాతో ముడిపడి ఉండేది. 1848లో తీసుకొన్న కార్ఖానాకు వాషింగ్టన్ వర్క్స్ అనే పేరు పెట్టుట ఇందుకు నిదర్శనం. థామస్ టర్నర్ వారి ఎంకోర్, టేలర్ వారి కన్ను బొమ్మ, మాపిన్ సోదరుల సూర్యుడు కూడా తరచుగా కనిపించే ముద్రలు. ఇంకా వందలకొద్దీ ఉన్నాయి. వాటికి జెఫ్రీ ట్వీడేల్ కూర్చిన షెఫీల్డు తయారీదారుల నిఘంటువు చూడవచ్చును.

కిరీటానికి అటునిటు ఉండే రాజముద్రిక అక్షరాలు కాలనిర్ణయానికి ఎంతో ఉపయోగపడతాయి. డబ్ల్యు.ఆర్. అని ఉంటే నాల్గవ విలియం కాలం, అనగా 1830 నుండి 1837 వరకు. వి.ఆర్. అని ఉంటే విక్టోరియా రాణి కాలం, 1837 నుండి 1901 వరకు. ఇ.ఆర్. ఏడవ ఎడ్వర్డు కాలాన్ని, అనగా 1901-1910ని సూచించవచ్చును. చిక్కు అంతా జి.ఆర్. తోనే. ఇది 1830కి ముందరి జార్జిలకు చెందినది కావచ్చు, 1910-1952 మధ్య ఏలిన ఐదవ, ఆరవ జార్జిలకు చెందినదీ కావచ్చు. అమ్మేవాడు ఎప్పుడూ మొదటిదే అంటాడు. స్టెయిన్‌లెస్ అలుగు, సెల్యులాయిడ్ పిడి, యంత్రంతో చేసిన నునుపు కనిపిస్తే రెండవదని తేల్చివేయవచ్చును.

దేశం పేరు కూడా ఒక ఆధారమే. 1890లో అమెరికాలో వచ్చిన మెకిన్లీ సుంకాల చట్టం దిగుమతి వస్తువులపై తయారైన దేశం పేరు ఉండి తీరాలని విధించినది. ఇది 1891 నుండి అమలయినది. అందువలన షెఫీల్డు అని మాత్రమే ఉన్న కత్తి కంటె షెఫీల్డు, ఇంగ్లాండ్ అని ఉన్నది సాధారణంగా తరువాతి కాలానిది. మేడ్ ఇన్ ఇంగ్లాండ్ అనేది 20వ శతాబ్దపు వాడుక. అయితే స్వదేశంలో అమ్ముటకు చేసిన కత్తులపై దేశం పేరు లేకపోవచ్చును కనుక, ఇంగ్లాండ్ అనే మాట లేనిదంతా 1891కి ముందరిదని వాదించుట సరికాదు. కంపెనీ పేరు చివర లిమిటెడ్ అని ఉంటే అది 1855కి ముందరిది కాజాలదు. పరిమిత బాధ్యత చట్టం వచ్చినది ఆ సంవత్సరమే.

జర్మనీలోని జోలింగెన్ నుండి షెఫీల్డు పేరుతో వచ్చిన దొంగ సరుకు 19వ శతాబ్దంలో షెఫీల్డువారిని చాలా బాధించినది. 1887లో బ్రిటిషు పార్లమెంటు చేసిన సరుకుల గుర్తుల చట్టానికి ఈ గోడు ఒక కారణం. ఈ పాత నకళ్ళకే ఇప్పుడు నూరేళ్ళు దాటినవి కాబట్టి, పాతది అయినంత మాత్రాన అసలుది అనే భరోసా లేదు.

లోహం చెప్పే సంగతులు

1913లో హారీ బ్రియర్లీ షెఫీల్డులోని ప్రయోగశాలలో క్రోమియం కలిపిన తుప్పుపట్టని ఉక్కును తయారుచేశాడు. తుపాకి గొట్టాలు అరిగిపోకుండా చేయుట ఆయన అసలు ఉద్దేశం. పోర్ట్‌లాండ్ వర్క్స్‌లోని మోస్లే కంపెనీకి చెందిన ఎర్నెస్ట్ స్టూవర్ట్ దీనితో కత్తులు చేయించాడు. స్టెయిన్‌లెస్ అనే పేరు ఆయన పెట్టినదే. కనుక ఆ మాట ఉన్న అలుగు 1914 తరువాతిదే అవుతుంది. మొదటి ప్రపంచ యుద్ధం తరువాతనే ఇటువంటి బల్ల కత్తులు ఇంటింటికీ చేరినవి.

అంతకు ముందరి కార్బన్ ఉక్కు నిమ్మరసం తగిలితే నల్లబడేది. వంట ఇంటిలో పనివారు రోజూ ఇటుక పొడి వంటి వాటితో కత్తులను తోమేవారు. ఏళ్ళ తరబడి తోమి, నూరి, సన్నబడిన పాత బల్ల కత్తి అలుగు ఆకారం మారిపోతుంది. దానినే అసలు నమూనాగా పొరబడిన వ్రాతలు కూడా ఉన్నాయి. పళ్ళరసం వలన ఉక్కు నల్లబడుట, పండు రుచి చెడుట నివారించుటకే వెండి అలుగులున్న మడత చాకులు వాడుకలోకి వచ్చినవి. గుర్తింపు నేర్చుకొనేవారు వీటితో ప్రారంభించుట మంచిది. ఎందుకనగా వెండి మీది హాల్‌మార్కు సంవత్సరంతో సహా చెబుతుంది. షెఫీల్డులో వెండి పరీక్షా కార్యాలయం 1773లో ఏర్పడినది. దాని గుర్తు 1974 వరకు కిరీటం, 1975 నుండి గులాబి. నడుస్తున్న సింహం వెండి స్వచ్ఛతకు గుర్తు. సంవత్సరానికి ఒక అక్షరం చొప్పున మారుతుంది. 1784-1890 మధ్య వాటిపై సుంకం చెల్లించినట్లు రాజు లేక రాణి తల కూడా ఉంటుంది. లంగరు గుర్తు ఉంటే ఆ చాకు బర్మింగ్‌హామ్‌లో పరీక్షింపబడినది.

పిడి రెండు కొనల ఉండే లోహపు బిగింపులు కూడా చూడదగినవి. పాత చాకులలో ఇవి ఇనుముతోను, ఖరీదైన వాటికి వెండితోను ఉండేవి. నికెలు కలిసిన జర్మన్ సిల్వర్ అనే తెల్లని మిశ్రమలోహం షెఫీల్డులో 1830 ప్రాంతం నుండి మాత్రమే వాడుకలోకి వచ్చినది. దీనిలో వెండి లేదు.

పిడి

పిడికి వాడిన పదార్థాలలో చాలా భాగం భారతదేశం నుండి వెళ్ళినవే. సాంబర్ దుప్పి కొమ్ము, గేదె కొమ్ము ఓడలలో షెఫీల్డుకు చేరేవి. దుప్పి కొమ్ము పైన గరుకుగా, లోతైన గాళ్ళతో ఉంటుంది. దానిని అనుకరిస్తూ ఎముకను చెక్కి రంగు వేసిన పిడులు చౌక చాకులకు వాడేవారు.

ఏనుగు దంతం విషయంలో జాగ్రత్త అవసరం. రాడ్జర్స్ కంపెనీ నేలమాళిగలో దంతాలు గుట్టలుగా పేర్చి ఉన్న పాత ఛాయాచిత్రాలు ప్రసిద్ధం. ఒక్క నగరపు కత్తి పిడుల కొరకు ఎన్ని ఏనుగులు చచ్చినవో వాటిని చూసినవారికి అర్థమవుతుంది. నిజమైన దంతం అడ్డుకోతలో ఒకదానినొకటి ఖండించుకొనే సన్నని వంపు గీతలు ఉంటాయి. ఎముకలో చిన్న నల్లని చుక్కలు లేక గుంటలు కనిపిస్తాయి. 19వ శతాబ్దం చివరి నుండి దంతానికి బదులుగా వచ్చిన సెల్యులాయిడ్‌లో గీతలు మరీ క్రమంగా, సమాంతరంగా ఉంటాయి. వేడి సూదితో పొడిచి చూడమని కొందరు సలహా ఇస్తారు. ఇది చేయరాదు. దంతానికి మచ్చ పడుతుంది, సెల్యులాయిడ్ అయితే భగ్గున మండుతుంది. సెల్యులాయిడ్ పాతబడి చివికినప్పుడు వెలువడే ఆవిరి ప్రక్కనున్న అలుగులకు కూడా తుప్పు పట్టిస్తుంది కనుక అటువంటి చాకులను విడిగా భద్రపరచవలెను.

భారతదేశంలో దేశీయ దంతంతో పాటు దిగుమతి చేసుకొన్న దంతపు వ్యాపారం కూడా 1991 సవరణతో నిషేధింపబడినది. బ్రిటన్‌లో 2018 నాటి దంతపు చట్టం 2022 జూన్ 6 నుండి అమలులోనికి వచ్చినది. 1947కి ముందరిదై, మొత్తం పరిమాణంలో దంతం 10 శాతానికి లోబడి ఉండుట వంటి కొద్దిపాటి మినహాయింపులు ఉన్నా, అమ్మకానికి ముందుగా నమోదు చేయించవలెను. పిడి అంతా దంతమైన బల్ల కత్తికి ఈ 10 శాతపు మినహాయింపు వర్తించుట కష్టం.

బోవీ కత్తులు

అమెరికా సరిహద్దు వీరుడు జేమ్స్ బోవీ (మరణం 1836, అలమో కోటలో) పేరున ప్రసిద్ధమైన ఈ పెద్ద కత్తులు అచ్చమైన అమెరికా సరుకని చాలామంది నమ్మకం. నిజానికి 19వ శతాబ్దంలో అమెరికన్లు కొన్న బోవీ కత్తులలో అధికభాగం షెఫీల్డులో తయారైనవే. కొనేవారి మనసెరిగి అలుగులపై అమెరికా దేశభక్తి నినాదాలు చెక్కి పంపేవారు. ధర అధికంగా పలుకుట వలన మోసం కూడా వీటిలోనే ఎక్కువ.

మోసాన్ని పట్టుటకు ఒక చిన్న కిటుకు ఉన్నది. అసలు తయారీలో ముద్రను అలుగు మెత్తగా ఉన్నప్పుడు, గట్టిపరచుటకు ముందే కొట్టేవారు. ఆ తరువాత సానపట్టేవారు. కాబట్టి అక్షరాల అంచున లేచిన లోహం అరిగి చదునై ఉంటుంది, కొన్ని అక్షరాలు సానలో సగం చెరిగిపోయి కూడా ఉండవచ్చును. గట్టిపడిన పాత అలుగు మీద కొత్తగా ముద్ర కొట్టుట సులభం కాదు. అందుచేత నకిలీవారు ఆమ్లంతోనో విద్యుత్తుతోనో చెక్కుతారు. అటువంటి అక్షరాల అడుగు చదునుగా, లోతు తక్కువగా, గరుకుగా ఉంటుంది. తుప్పు గుంటల మీదుగా అక్షరం స్పష్టంగా సాగిపోతే తుప్పు ముందు, ముద్ర తరువాత అని తెలిసిపోతుంది.

కూర్పు, స్థితి

మడత చాకు తెరచి మూసేటప్పుడు అలుగు సాఫీగా కదలుటను నడక అని, చివరలో టక్కుమనే శబ్దాన్ని పలుకు అని షెఫీల్డు పనివారు అనేవారు. నూరేళ్ళ తరువాత కూడా ఈ రెండూ నిలిచియున్న చాకు ఎక్కువగా వాడబడలేదని భావించవచ్చును. అలుగు ఎంత మిగిలి ఉన్నదో చూచుటకు గోటితో తెరిచే గాడిని గమనించవలెను. గాడికి, వాదరకు మధ్య దూరం బాగా తగ్గిపోతే అలుగు అరిగినట్లు. పిడిని పట్టియుంచే మేకుల తలలు ఒకే రంగులో, ఒకే అరుగుదలతో ఉండాలి. ఒక మేకు మాత్రం కొత్తగా మెరిస్తే, లేక మేకు చుట్టూ పిడి పగిలి ఉంటే చాకు ఎప్పుడో విప్పబడి అలుగు మార్చబడినదని అనుమానించాలి.

1971లో రాడ్జర్స్, వోస్టెన్‌హోమ్ కంపెనీలు ఏకమయినవి. తరువాత ఆ పేర్లు ఎగింటన్ సంస్థకు చేరి, వాటితో చాకుల తయారీ కొనసాగినది. నక్షత్రం, శిలువ ఉన్న చాకు తాతల కాలం నాటిదే కానక్కరలేదు, నలభై ఏళ్ళ క్రిందటిది కూడా కావచ్చును.

శుభ్రపరచుట

సేకర్తలు చేసే నష్టాలలో పెద్దది మెరుగు పెట్టించుట. గరుకు కాగితంతోగాని, తిరిగే చక్రంతోగాని మెరుగు పెడితే మొదట పోయేది ముద్ర అంచులు, ఆమ్లంతో చెక్కిన పలుచని అక్షరాలు. అనగా కత్తికున్న పుట్టుక చీటీ పోయినట్లే. బూడిద, నీలం కలిసిన పాత పొర ఉక్కును కాపాడేదే కాని చెరిపేది కాదు. క్రొత్తగా పొడిపొడిగా రాలే ఎర్ర తుప్పును మాత్రం నూనె పోసి నానబెట్టి, మెత్తని గుడ్డతో లేక వెదురు పుల్లతో తీయవచ్చును. తరువాత పలుచగా నూనె లేక మైనం పూయవలెను. తోలు ఒరలో ఉంచితే తోలు పదును చేయుటకు వాడిన రసాయనాల వలన తుప్పు పడుతుంది. మన కోస్తా తేమలో ఈ జాగ్రత్త మరింత అవసరం.

తెలుగునాట సంబంధం

హంట్స్‌మన్ కంటె ఎన్నో శతాబ్దాల ముందే దక్కనులో మూసలలో ఉక్కు తయారయ్యేది. నేటి తెలంగాణలోని నిజామాబాదు జిల్లా కోనసముద్రం ఇందుకు పేరుపొందిన ఊరు. పర్షియా వర్తకులు అక్కడికే వచ్చి, నిలిచి, ఉక్కు ముద్దలను కొనుగోలు చేసేవారని హెన్రీ వోయ్‌సీ వ్రాసిన వివరణ 1832లో ప్రచురితమైనది. ఈ రకపు ఉక్కును యూరపువారు ఊట్జ్ అన్నారు. బొంబాయి నుండి పంపబడిన ఊట్జ్ ముద్దలపై జార్జ్ పియర్సన్ 1795లో లండనులోని రాయల్ సొసైటీకి పరిశోధనా పత్రం సమర్పించాడు. లండను కత్తుల తయారీదారు జేమ్స్ స్టోడార్ట్ ఈ ఉక్కుతో కత్తులు, శస్త్రచికిత్స పరికరాలు చేసి, ఇది ఎంతో మేలైనదని కొనియాడాడు. ఆయన మైకేల్ ఫారడేతో కలిసి ఊట్జ్ రహస్యాన్ని ఛేదించుటకు చేసిన మిశ్రలోహ ప్రయోగాలు 1820, 1822లలో వెలువడినవి. వాటి కొరకు పెద్ద ఎత్తున ఉక్కు కరిగించినది షెఫీల్డులోనే. స్టోడార్ట్ పేరున్న కత్తి ఎక్కడైనా కనిపిస్తే దానిని మెరుగు పెట్టకుండా సంగ్రహాలయానికి చూపించుట మంచిది.

చూడదగిన స్థలాలు

షెఫీల్డులోని కెల్హామ్ ఐలండ్ సంగ్రహాలయంలో కెన్ హాలీ (1927-2014) జీవితమంతా సేకరించిన పనిముట్లు, కత్తులు ఉన్నాయి. పూర్తయిన కత్తులతో పాటు సగం చేసిన అలుగులను, తయారీదారుల కాటలాగులను కూడా ఆయన పోగుచేశాడు. ఒక కత్తి ఏ దశలో ఎలా ఉండేదో ఇక్కడ తెలుస్తుంది. పోర్టర్ నది మీది షెపర్డ్ వీల్‌లోను, షీఫ్ నది ఒడ్డున అబ్బీడేల్‌లోను నీటిచక్రంతో తిరిగే పాత సానశాలలు భద్రపరచబడినవి. అబ్బీడేల్‌లో మూసలలో ఉక్కు కరిగించిన కొలిమి కూడా నిలిచియున్నది.